పైన గడ్డ, కింద వెచ్చన: ఒక ఫ్రిజ్‌తో 12 ఏళ్లు

మా పాత ఫ్రిజ్ మా ఇంట్లో 12 ఏళ్లు ఉంది. రెండు తలుపులది, మంచు పేరుకోని రకం. పైన ఫ్రీజర్, కింద మిగతా అరలు. ఆ 12 ఏళ్లలో నాలుగుసార్లు మొరాయించింది. మూడుసార్లు బాగుచేయించుకున్నాను, నాలుగోసారి సాగనంపాను. దాని చోట వచ్చిన కొత్తదానికి ఇప్పుడు రెండేళ్లు. కొన్న వారానికే ఐదు చుక్కలూ ఇచ్చేసే సమీక్షలు చదివి విసుగెత్తింది. అందుకని, చెడిపోయినప్పుడు ఆ వస్తువు ఎలా ప్రవర్తించిందో చెప్పే సమీక్ష ఒకటి రాస్తున్నాను.

నేను మెకానిక్‌ను కాను. నా దగ్గరున్న సరంజామా ఒక స్క్రూడ్రైవర్, ఒక చిన్న మల్టీమీటర్, ఒక థర్మామీటర్. వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినవి మా అత్తగారి చెవులు. ఫ్రిజ్ శబ్దంలో రవ్వంత తేడా వచ్చినా అందరికన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. ‘ఫ్రిజ్ చల్లబడటం లేదు’ అని మనం ఒకే మాటగా అంటాం కానీ, అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. చలి పుట్టడం లేదా? పుట్టినా కిందికి చేరడం లేదా? చేరినా నిలవడం లేదా? ఈ మూడింట్లో ఏదో తేల్చుకోకుండా మెకానిక్‌ను పిలిస్తే, ఆయన తనకు బాగా తెలిసిన జబ్బే మన ఫ్రిజ్‌కు ఉందంటాడు.

మొదట వచ్చింది నిలవని చలి. నాలుగో ఏడు. కంప్రెసర్, అంటే చలి పుట్టించే గ్యాస్‌ను గొట్టాల్లో తిప్పే మోటారు, ఆగకుండా తిరుగుతోంది, తలుపు అంచుల వెంట చెమట పట్టినట్టు నీటి బొట్లు. థర్మామీటర్‌ను గ్లాసుడు నీళ్లలో వేసి, మధ్య అరలో రాత్రంతా ఉంచి చూస్తే 9 డిగ్రీలు. ఉండాల్సింది 4, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. ఒక కాగితం ముక్కను తలుపుకూ చట్రానికీ మధ్య పెట్టి మూసి లాగి చూశాను. మూడు వైపులా బిగువుగానే వచ్చింది, కీళ్ల వైపు మాత్రం చేతిలోకి జారిపోయింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు అక్కడ అణిగిపోయింది. దానిలోపల అయస్కాంతపు పట్టీ ఉంటుంది, తలుపును చట్రానికి అతికించి ఉంచేది అదే. రబ్బరును సబ్బునీళ్లతో కడిగి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వెచ్చబెట్టి వేళ్లతో సాగదీస్తే ఆరు నెలలు నడిచింది. ఆ తర్వాత కొత్తది వేశాను. పెట్టెలో మడతపెట్టి వస్తుంది కనుక, బిగించే ముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే మడతలు పోతాయి. నేను నానబెట్టకుండా బిగించి, రెండు రోజులు తలుపుతో కుస్తీ పట్టాను.

ఏడో ఏట వచ్చిన జబ్బు అసలు పాఠం నేర్పింది. ఫ్రీజర్‌లో నీళ్లు గడ్డ కడుతున్నాయి, కింద అరల్లో పాలు విరిగిపోతున్నాయి. పిలిచిన మెకానిక్ తలుపు తీసి, చెయ్యి పెట్టి చూసి, “గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి” అన్నాడు. మొత్తం నిమిషం పట్టింది. పైన రాయిలా గడ్డకట్టిన నీళ్లు కళ్లెదుట ఉంటే గ్యాస్ అయిపోవడమేమిటి అనిపించి, రేపు చెబుతానని పంపించేశాను.

మంచు పేరుకోని ఫ్రిజ్‌లో మంచు నిజంగానే పేరుకుంటుంది, మన కంట పడకముందే కరిగిపోతుందంతే. ఫ్రీజర్ వెనక పలక చాటున సన్నని రేకులు తొడిగిన గొట్టాల చుట్ట ఒకటి ఉంటుంది. దాన్ని కాయిల్ అంటారు. చలి పుట్టేది అక్కడే. ఒక చిన్న ఫ్యాన్ ఆ కాయిల్ మీదుగా గాలిని లాగి ఫ్రీజర్‌లోకీ, ఒక సందు గుండా కింది అరల్లోకీ తోలుతుంది. గాలిలో ఉన్న తేమ కాయిల్ మీద మంచుగా కూర్చుంటుంది. మా దానిలాంటి పాత రకాల్లో 6 నుంచి 12 గంటలకోసారి టైమర్ కంప్రెసర్‌ను ఆపి, కాయిల్ కింద ఉన్న హీటర్‌కు కరెంటు ఇస్తుంది. కరిగిన నీరు గొట్టం గుండా ఫ్రిజ్ వెనక, కంప్రెసర్ మీద ఉన్న పళ్లెంలోకి దిగి, అక్కడి వేడికే ఆవిరైపోతుంది. ఈ వరుసలో ఎక్కడ తెగినా మంచు కాయిల్‌ను కప్పేస్తుంది, గాలి ఆడదు. కాయిల్ పక్కనే ఉన్న ఫ్రీజర్ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, కింది అరలే ముందు వేడెక్కుతాయి. మా ఇంట్లో జరుగుతున్నది ఇదేనా?

తేల్చుకోవడానికి ప్లగ్ పీకి, తలుపులు రెండూ బార్లా తీసి, కింద పాత తువ్వాళ్లు పరిచి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేశాను. మళ్లీ పెడితే ఫ్రిజ్ కొత్తదానిలా పనిచేసింది. సరిగ్గా తొమ్మిది రోజులు. పదో రోజు మళ్లీ పాలు విరిగాయి. గ్యాస్ లేని ఫ్రిజ్ ఎండబెట్టినంత మాత్రాన తొమ్మిది రోజులు బాగుపడదు.

ఈసారి ప్లగ్ తీసి ఫ్రీజర్ వెనక పలక విప్పాను. కాయిల్ కనిపించలేదు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తెల్లని దిమ్మ, రేకుల మధ్య ఒక్క సందు కూడా లేదు. కత్తితో గోకేయాలని చెయ్యి దురద పెట్టింది కానీ ఆగాను. కాయిల్ గొట్టం పలుచన, చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. ఇక్కడ చూసి పెట్టుకోవలసిన గుర్తు ఒకటుంది. మంచు కాయిల్ అంతటా మందంగా ఉంటే కరిగించే ఏర్పాటు చెడింది. ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాదంతా బోసిగా ఉంటే గ్యాస్ తగ్గింది. ఈ రెండో బొమ్మ నాకు ఐదేళ్ల తర్వాత కనబడింది, అది చివర్లో చెబుతాను.

దిమ్మ కరిగాక ఇంకో మెకానిక్ వచ్చాడు, తక్కువ మాట్లాడే మనిషి. టైమర్‌కు ఉన్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి ‘టక్’ మనే దాకా మెల్లగా తిప్పాడు. కంప్రెసర్ ఆగింది. అంటే టైమర్ తన పని తాను చేసింది. హీటర్ మాత్రం వేడెక్కలేదు. ప్లగ్ తీసి మల్టీమీటర్‌తో చూస్తే హీటర్ కొన్ని వందల ఓమ్‌లు చూపించింది, అంటే లోపలి తీగ తెగలేదు, అదీ బతికే ఉంది. పోయింది దానికి రక్షణగా ఉండే ఫ్యూజు. 70 డిగ్రీలు దాటితే తెగిపోయే చిటికెడు వస్తువు. దాన్ని మార్చి వెళ్లిపోతాడనుకున్నాను. “ఫ్యూజు ఊరికే పోదమ్మా, దాన్ని పోగొట్టింది ఇది” అని పక్కనున్న బిళ్లలాంటి థర్మోస్టాట్‌ను చూపించాడు. కాయిల్ వెచ్చబడగానే హీటర్‌ను ఆపవలసింది అదే. అది అతుక్కుపోయి ఆపడం మానేసింది, హీటర్ మితిమీరి కాలింది, ఫ్యూజు తనను తాను బలిచ్చుకుని మిగతావాటిని కాపాడింది. రెండూ మార్చాం. కొత్త ఫ్యూజు ఒక్కటే వేసి ఉంటే నెల తిరక్కుండా అదే కథ మళ్లీ మొదలయ్యేది. ఆ మనిషి ఫోను నంబరును అప్పటినుంచి భద్రంగా దాచుకున్నాను.

తొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం అత్తగారు వంటింట్లోంచి, “ఒకసారి ఇటు రామ్మా, ఫ్రిజ్‌కి ఎక్కిళ్లు వస్తున్నాయి” అని పిలిచారు. నిజమే. వెనకనుంచి టక్కుమని శబ్దం, కాస్త మూలుగు, మళ్లీ టక్కు. రెండు మూడు నిమిషాలు నిశ్శబ్దం, మళ్లీ అదే వరుస. లోపల దీపం వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ మాత్రం అందుకోవడం లేదు. ఇది చలి పుట్టని జబ్బు. కానీ కంప్రెసర్ పోయిందని గుండె జారవిడుచుకునే ముందు చూడవలసినది దాని పక్కన తగిలించి ఉండే అగ్గిపెట్టెంత రిలే, కంప్రెసర్‌ను మొదట కదిలించేది అదే. ప్లగ్ తీసి, అది లాగి చెవి దగ్గర ఊపితే లోపల గులకరాళ్లు దొర్లినట్టు గలగలమంది. లోపలి పింగాణీ బిళ్ల పగిలిపోయింది. కంప్రెసర్ మీద రాసి ఉన్న నంబరు చూసి దానికి సరిపోయే రిలేనే తెచ్చి పెడితే పది నిమిషాల్లో పని అయిపోయింది. నాలుగింట్లో సులువైనది ఇదే.

అదే వంటింట్లో మిక్సీ, మైక్రోవేవ్ ఓవెన్ కూడా వంతులవారీగా మొరాయించాయి. మిక్సీ సంగతి చిన్నది. మోటారు తిరుగుతూ జార్‌లో బ్లేడు తిరగకపోతే మధ్యలో ఉండే కప్లర్ పళ్లు అరిగినట్టు. అది అరగడానికే పెట్టిన భాగం, మోటారును కాపాడేది అదే. బ్లేడు ఏ దిశలో తిరుగుతుందో కప్లర్‌ను ఆ దిశలోనే తిప్పితే ఊడుతుంది. నేను ఎదురు దిశలో తిప్పి ఇంకా బిగించాను, చెయ్యి బొబ్బలెక్కింది.

మైక్రోవేవ్‌ను మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. విప్పకుండానే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. లీటరు చల్లని నీళ్లు పెట్టి, పూర్తి శక్తిలో రెండు నిమిషాలు తిప్పి, కలిపి, ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసి 35తో హెచ్చించండి. వచ్చిన సంఖ్య అది నిజంగా నీళ్లకు ఇస్తున్న వాట్లు. 800 వాట్లని రాసి ఉన్న మా ఓవెన్ 12 డిగ్రీలే పెంచింది, అంటే 420. వేడి పుట్టించే గొట్టం నీరసించింది. వయసు చూసి, బాగుచేయించకుండా మార్చేశాం.

మళ్లీ ఫ్రిజ్ దగ్గరికి. పన్నెండో ఏట కింద వెచ్చబడటం మొదలైంది. ఏడో ఏటి అనుభవంతో ధీమాగా పలక విప్పాను. ఈసారి తెల్లని దిమ్మ లేదు. కాయిల్‌లో గ్యాస్ ప్రవేశించే మూల జానెడు మేర మాత్రమే మంచు, మిగతాదంతా పొడిగా, రేకులు మెరుస్తూ. చూడగానే అర్థమైంది. ఆ తక్కువ మాట్లాడే మనిషి వచ్చి గ్యాస్ ఎక్కడ కారుతోందో వెతికాడు. బయటి అతుకులన్నీ బాగానే ఉన్నాయి. కారుతున్నది గోడల లోపల, నురుగు పొర మధ్య పాతిపెట్టిన గొట్టం. తలుపు చట్రం చెమర్చకుండా దాన్ని వెచ్చగా ఉంచేందుకు వేసిన గొట్టమే తుప్పు పట్టింది. దాన్ని వదిలేసి బయట ఇంకో గొట్టం వేయవచ్చు. “నేను వేస్తాను కానీ మా ఇంటి ఫ్రిజ్ అయితే వేయను” అన్నాడు. అంతకన్నా నిజాయితీగల సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు. లోపలున్నది ఆర్-134ఏ అనే గ్యాస్. ఓజోన్‌కు హాని చేయదు కానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు గాలికి వెయ్యి రెట్లకు పైనే. కారిపోతుందని తెలిసి మళ్లీ నింపడానికి మనసొప్పలేదు. మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టుకోమని చెప్పి, పాత సామాను విడదీసి తీసుకునేవాళ్లకు ఇచ్చేశాను.

కొత్తది ఇన్వర్టర్ కంప్రెసర్‌ది. పాతది పూర్తిగా తిరిగేది లేదంటే పూర్తిగా ఆగేది. ఇది అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుంటూ ఇంచుమించు ఎప్పుడూ మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. మొదటి వారం ‘ఆగడం లేదేమిటి’ అని నేనే కంగారుపడ్డాను. గ్యాస్ ఆర్-600ఏ, మొత్తం పట్టేది 50 గ్రాముల చిల్లర. భూమికి దీనివల్ల వేడి చాలా తక్కువ, కానీ మండే గుణం ఉంది. ఎప్పుడైనా కారితే, నిప్పుతో అతుకు వేసేవాడు ఈ గ్యాస్‌తో పని తెలిసినవాడై ఉండాలి. తెచ్చిన రోజు నాలుగు గంటలు నిటారుగా కదపకుండా ఉంచి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టాం. రెండేళ్లుగా గ్లాసు నీళ్ల పరీక్షలో 3, 4 డిగ్రీల మధ్యే ఉంది. ఫ్రీజర్ మైనస్ 18.

నచ్చనిది కూడా ఉంది. పాతదానిలో టైమర్‌ను చేత్తో తిప్పి జబ్బు కనిపెట్టగలిగాం. ఇందులో టైమర్ లేదు, ఆ పనంతా వెనకున్న సర్క్యూట్ బోర్డుది. అది పోతే ఊపి వినడానికి గులకరాళ్లు కూడా ఉండవు. వారంటీ చీటీలో కంప్రెసర్‌కు ఏళ్లకేళ్లు రాసి, బోర్డుకు ఒక్క ఏడాదే రాశారు. కొనేటప్పుడు నేను చదివింది పెద్ద అక్షరాలు మాత్రమే. కూరల పెట్టె కింద ఒకసారి నీళ్లు నిలిచాయి. వెనక నీరు దిగే రంధ్రంలో ఆకు తునక అడ్డుపడింది, సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడితే పోయింది. అంతకుమించి దీన్ని ముట్టుకోవలసిన పని ఇంతవరకు పడలేదు.

అత్తగారికి మాత్రం ఇంకా కుదరలేదు. శబ్దం లేదు కనుక పనిచేస్తోందో లేదో తెలియదంటారు. వేడిని బయటికి పంపే గొట్టాలు దీనికి పక్క గోడల్లోనే ఉన్నాయి, ముట్టుకుంటే గోరువెచ్చగా తగులుతాయి. రోజూ పడుకోబోయే ముందు వంటింట్లోకి వెళ్లి, జ్వరం చూసినట్టు ఫ్రిజ్ పక్కన అరచెయ్యి ఆనించి, “ఊఁ, వెచ్చగానే ఉంది” అని దీపం ఆర్పి వస్తారు.