పరుగులో నీళ్లు మోసే సరంజామా: ఏళ్ల తరబడి వాడాక నా దగ్గర మిగిలినవి

లీటరు నీరు కిలో బరువు తూగుతుంది, ఎంత ఖరీదైన సరంజామా కొన్నా ఆ బరువు తగ్గదు. అందుకే నీళ్లు మోసే ఏ సాధనంలోనైనా నేను చూసేవి రెండే: ఆ బరువు ఒంటిని అంటిపెట్టుకుని కదలకుండా ఉంటుందా, పరుగు ఆపకుండా తాగడానికి వీలవుతుందా. చేతిసీసా, నడుము బెల్టు, వీపు సంచి, వెస్ట్ (ఛాతీకి బిగుతుగా వేసుకునే జేబుల కోటు), వాటితో పాటు బ్యాటరీతో పనిచేసే కొన్ని వింత వస్తువులు, వీటన్నిటినీ ఎండల్లోనూ వానల్లోనూ వాడిన మీదట రాస్తున్న అభిప్రాయం ఇది. గంటలోపు పరుగుకైతే బయలుదేరే ముందు ఒక గ్లాసు తాగి ఖాళీ చేతులతో వెళ్లడమే మేలు, మండుటెండ అయితే తప్ప.

అరలీటరు సీసాను పట్టీతో అరచేతికి బిగించుకునే పద్ధతి గంటన్నర వరకు బాగానే పనిచేస్తుంది. పట్టీ సరిగ్గా బిగిస్తే వేళ్లతో పట్టుకోవలసిన పని ఉండదు, నీళ్లు ఎప్పుడూ నోటికి అందుబాటులో ఉంటాయి. అయితే అరకిలో బరువు ఒకవైపే ఊగుతుంటే ఆ వైపు భుజం తెలియకుండానే బిగుసుకుపోతుంది కనుక, మధ్యమధ్యలో చేయి మార్చుకోవాలి. గట్టి ప్లాస్టిక్ సీసాకు మరో చిక్కు ఉంది. నిండుకుండ తొణకదన్నది నిజమే గానీ, పరుగెత్తేవారి సీసా నిండుగా ఉండేది మొదటి గుక్క వరకే. ఆ తర్వాత లోపలికి చేరిన గాలి, మిగిలిన నీరు కలిసి ప్రతి అడుగుకూ చప్పుడు చేస్తూనే ఉంటాయి.

నడుము బెల్టు మీద నాకు మంచి అభిప్రాయం లేదు. వదులుగా పెడితే నడుం మీద ఎగురుతుంది, బిగిస్తే పొట్ట నొక్కుకుంటుంది. రెండు వైపులా రెండు చిన్న సీసాలు ఉండే రకం కొంత నయం, కానీ తాగిన సీసాను వెనక్కి చూడకుండా దాని అరలో తిరిగి దోపడం పరుగులో అనుకున్నంత సులువు కాదు. తాళంచెవికీ ఫోనుకూ బెల్టు చాలు, నీటికి చాలదు.

గొట్టంతో పీల్చుకునే వీపు సంచి పుట్టుక చూస్తే దాని గుణదోషాలు రెండూ అర్థమవుతాయి. 1989లో టెక్సస్‌లోని విచిటా ఫాల్స్‌లో వంద మైళ్ల సైకిల్ పోటీకి వెళ్లిన మైఖేల్ ఐడ్సన్ అనే అత్యవసర వైద్య సేవకుడు సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని సాక్సులో దూర్చి చొక్కా వెనక అమర్చుకుని, గొట్టాన్ని భుజం మీదుగా ముందుకు తెచ్చుకున్నాడు. ఇలాంటి సంచులు అమ్మే కామెల్‌బ్యాక్ కంపెనీ అలా మొదలైంది. సైకిల్ మీద వంగి ఉన్న వీపు పెద్దగా ఎగరదు, పరుగెత్తే వీపు అడుగడుగునా ఎగురుతుంది. దీనికి ఉపాయం లేకపోలేదు: సంచి నింపి మూత బిగించాక దాన్ని తలకిందులుగా పట్టుకుని గొట్టంలోంచి లోపలి గాలిని పూర్తిగా పీల్చేస్తే తొణుకు దాదాపు ఆగిపోతుంది. కానీ ఎంత నీరు మిగిలిందో వీపు మీది సంచి చెప్పదు, అది అయిపోయిన సంగతి గొట్టం గుర్రుమన్నప్పుడే తెలుస్తుంది. శుభ్రత ఇంకో తలనొప్పి. శక్తినిచ్చే పొడి కలిపిన తీపి నీళ్లు పోసి కొన్ని రోజులు అశ్రద్ధ చేస్తే గొట్టం లోపల నల్లని బూజు చుక్కలు కనిపిస్తాయి, పొడవాటి సన్న బ్రష్ తప్ప మరేదీ అక్కడికి చేరదు. కడిగి, నీరు వంచేసి ఫ్రీజర్‌లో పడేయడం మొదలుపెట్టాక నాకు ఆ బెడద తగ్గింది.

నా దగ్గర నిలిచినది ఛాతీ మీద రెండు సాఫ్ట్ ఫ్లాస్కులు పెట్టుకునే వెస్ట్. టీపీయూ అనే మెత్తని, సాగే ప్లాస్టిక్‌తో చేసిన ఈ ఫ్లాస్కులు తాగిన కొద్దీ ముడుచుకుపోతాయి, లోపల గాలికి చోటు ఉండదు కనుక చప్పుడూ ఉండదు, ఎంత మిగిలిందో తడిమితే తెలుస్తుంది. ఎడమ, కుడి ఫ్లాస్కులలో మార్చి మార్చి తాగితే బరువు సమంగా తగ్గుతుంది. లోపాలూ ఉన్నాయి. సగం ఖాళీ అయిన ఫ్లాస్కు జేబులోకి జారి కుంగిపోతుంది, అప్పుడు మూతిని వేళ్లతో పైకి లాగి తాగాలి. గట్టి స్ట్రా ఉన్న రకం ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. మూత మరలు ఏమాత్రం అడ్డంగా పడినా నీరు సన్నగా కారి చొక్కా తడుస్తుంది. మొదట్లో ప్లాస్టిక్ రుచి తగులుతుంది. చెమట ఉప్పు పట్టిన వెస్టును ఉతకకుండా మళ్లీ వేసుకుంటే చంకల దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది.

ఇక వింత వస్తువుల సంగతి. నేను వాడిన స్మార్ట్ సీసా బల్ల మీద నిలకడగా ఉన్నంతసేపు తాగిన నీటిని చక్కగా లెక్కపెట్టేది. పరుగులో మాత్రం తొణికిన ప్రతిసారీ నేను తాగినట్టు రాసుకునేది. వాసన గుళిక బిగించిన సీసాలో ఆలోచన తెలివైనదే: పీల్చినప్పుడు నీటితో పాటు వచ్చే గాలి బుడగలు వాసనను గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరుస్తాయి, మనకది రుచిగా తోస్తుంది. కూర్చుని తాగితే ముచ్చటగానే ఉంటుంది. రొప్పుతూ తాగినప్పుడు రుచి కంటే గాలే ఎక్కువ కడుపులోకి పోయి, తర్వాతి కిలోమీటరంతా త్రేన్పులే.

పావుగంటకోసారి తాగమని మోగే సీసాతో నా పేచీ వేరు. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం దగ్గర రక్తపరీక్షకు వచ్చిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం (ఉప్పులో ఉండే లవణం) తక్కువ స్థాయికి పడిపోయిందనీ, ముగ్గురికి అది ప్రమాదకర స్థాయికి చేరిందనీ 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది; పరుగు ముగిసేసరికి బరువు పెరగడం, అంటే చెమట పట్టిన దానికంటే ఎక్కువ తాగడం, అందులో కనిపించిన ముఖ్య కారణం. 2015లో నిపుణుల బృందం దాహం వేసినప్పుడు తాగమనే సూచించింది. దాహం వేయకపోయినా తాగమని పోరే యంత్రం, నా ఉద్దేశంలో, పనికిరానిది మాత్రమే కాదు, నెమ్మదిగా పరుగెత్తుతూ గంటల తరబడి రోడ్డు మీద ఉండేవారికి చెరుపు చేసేది కూడా.

చేతికి అంటించుకునే, చెమటను పరీక్షించే పట్టీ చెమటలో ఉప్పు ఎంత పోతుందో ఒక అంచనా ఇస్తుంది గానీ ఒక్కసారికే పనికొస్తుంది. ఎంత నీరు పోతుందో తెలుసుకోవడానికి బరువు తూచే యంత్రం చాలు. గంట పరుగుకు ముందు, ఒళ్లు తుడుచుకుని తర్వాత, బట్టలు లేకుండా తూగి, తగ్గిన బరువుకు మధ్యలో తాగిన నీటిని కలిపితే వచ్చేదే గంటకు పట్టే చెమట, కిలోకు సుమారు లీటరు చొప్పున. ఎండ కాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూసుకుంటే ఎంత మోయాలో తేలిపోతుంది.

వింతగా కనిపించినా పనికొచ్చే వస్తువు మడత గ్లాసు ఒక్కటే. ఆల్ప్స్ పర్వతాల్లో జరిగే యూటీఎంబీ వంటి కొండ పరుగులలో కనీసం లీటరు నీటి సదుపాయంతో పాటు సొంత గ్లాసు కూడా తప్పనిసరి సామగ్రిలో ఉంటుంది.

వెస్ట్ కొనేవారు జేబు కొలతను, అందులో ఇతర కంపెనీల ఫ్లాస్కులు పట్టే వీలును ముందే చూసుకోవాలి, ఎందుకంటే వెస్ట్ కంటే ఫ్లాస్కులు ఎంతో ముందుగా, ఎక్కువగా మెడ దగ్గరి అతుకులో చిరుగుతాయి. మూతి వెడల్పుగా ఉన్నవే తీసుకోవాలి. సన్న మూతిలో పొడి పోయడం వణికే చేతులతో అయ్యే పని కాదు.