15 డిగ్రీల చలి, ఎదురుగాలి: సైకిల్‌కి చవకలో ఏ బట్టలు పనికొచ్చాయి

సైకిల్ కోసం చలి బట్టలు కొనాలనుకుంటే మొదటి ఐదారు వందలు విండ్‌చీటర్ మీద పెట్టండి. స్వెటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. లావు జెర్కిన్ జోలికి అసలు పోవద్దు. అనంతపురంలో కొన్నేళ్లుగా చలికాలమంతా తెల్లవారుజామునే సైకిల్ తొక్కుతున్నాను. డ్యూటీ రోజుల్లో టౌన్ నుంచి ఎస్కే యూనివర్సిటీ వైపు, అంటే ఒక్క వైపే దాదాపు 10 కిలోమీటర్లు. ఆదివారాలు బుక్కరాయసముద్రం వైపు. రకరకాల బట్టలు వాడి, కొన్ని చిరిగేదాకా వాడి, ఈ మాట చెబుతున్నాను.

మన చలి తీరు వేరు. డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, మధ్యాహ్నానికి 30 దాకా పోతుంది. పొద్దున వాకింగ్‌కి వెళ్లేవాళ్లకు మామూలు స్వెటర్, మఫ్లర్ ఉంటే చాలు. సైకిల్ మీద ఉన్నవాళ్లకు అది చాలదు. గాలి కదలకుండా ఉన్న రోజైనా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే అంతే వేగంతో గాలి మన ఛాతీకి కొడుతుంది. ఎదురుగాలి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఒంటికి, బట్టకు మధ్య వెచ్చబడిన కాస్త గాలినీ అది ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. చేత్తో అల్లిన స్వెటర్ ఎంత మందంగా ఉన్నా దాని కన్నాల్లోంచి గాలి దూరుతూనే ఉంటుంది. అదే స్వెటర్ మీద పల్చటి విండ్‌చీటర్ ఒకటి వేస్తే రెట్టింపు పని చేస్తుంది.

రెండో సమస్య చెమట. పది నిమిషాలు గట్టిగా తొక్కితే వీపు తడుస్తుంది. టీ అంగడి దగ్గర ఆగగానే ఆ తడి చల్లబడి వణుకు పుడుతుంది. మన దగ్గర సైకిల్ తొక్కేవాళ్లకు జలుబు, ఒళ్లు నొప్పులు మొదలయ్యేది తొక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడే అని నా గట్టి నమ్మకం. అందుకే గాలిని ఆపాలి, చెమటను బయటికి పోనివ్వాలి. ఈ రెండూ చేసేదే మంచి బట్ట. మందం ఆ తర్వాత సంగతి.

విండ్‌చీటర్ ఎలా ఎంచుకోవాలో కాస్త వివరంగా చెబుతాను. అంగట్లోనే ఛాతీ భాగం గుడ్డను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. ఊపిరి అవతలి వైపు చేతికి తగిలితే గాలి కూడా అలాగే దూరుతుంది. అసలేమీ తగలకపోతే లోపల ప్లాస్టిక్ పూత ఉన్నట్టు, అందులో చెమట పట్టి ఉడికిపోతారు. కొద్దిగా, చాలా కొద్దిగా తగిలేదే మనకు కావలసింది. పూత ఉన్నదే దొరికితే చంకల కింద చిన్న రంధ్రాలో, వీపు మీద జాలీ గుడ్డో ఉన్నది చూసుకోండి. తర్వాత దాన్ని వేసుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చేతులు చాపండి. నిలబడినప్పుడు సరిపోయిన జాకెట్ వంగగానే వెనక నడుము దగ్గర పైకి లేస్తుంది, చేతులు మణికట్టు దాటి వెనక్కి పోతాయి. వెనక భాగం ఒక జానెడు పొడుగున్నది, చేతుల చివర ఎలాస్టిక్ ఉన్నది తీసుకుంటే ఆ బాధ ఉండదు. కాలర్ గడ్డం కిందదాకా మూసుకోవాలి. టోపీ ఉంటే తీసేసేలా ఉండాలి. లేకపోతే అది గాలికి ఉబ్బి మెడను వెనక్కి లాగుతూనే ఉంటుంది.

నేను ఎక్కువ కాలం వాడింది ఆరు వందల చిల్లరకు కొన్న నైలాన్ విండ్‌చీటర్. బయటి గుడ్డకు ఇప్పటికీ ఏమీ కాలేదు. జిప్పు మాత్రం రెండో చలికాలంలోనే పళ్లు వదిలేసింది, టైలర్ దగ్గర యాభై రూపాయలిచ్చి కొత్త రన్నర్ వేయించాను. లోపలి పూత భుజాల దగ్గర పొట్టులా రాలుతోంది. ఇలాంటి వాటిని వేడినీళ్లలో, ఘాటు సోడాలో నానబెడితే పూత త్వరగా పోతుంది. చల్లటి నీళ్లు, కొంచెం షాంపూ, నీడలో ఆరవేయడం, అంతే చాలు. నవంబర్‌లో తుపాను ముసురు పట్టినప్పుడు సన్న తుంపరకు ఇది ఆగింది. గట్టి వానకు ఆగదు, దాన్నుంచి ఆ పని ఆశించకూడదు కూడా.

లోపల వేసుకునేదానికి డబ్బు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న స్పోర్ట్స్ టీషర్ట్, ఆటల పోటీల్లో పంచే పాలిస్టర్ జెర్సీ సరిపోతుంది. చలికాలంలో కాటన్ బనియన్‌ను మాత్రం పక్కన పెట్టండి. ఎండాకాలంలో మన ప్రాణం నిలబెట్టేది నూలు గుడ్డే, కానీ అది చెమటను తాగి తనలోనే ఉంచుకుంటుంది, ఆగగానే ఒంటికి అతుక్కుని చల్లబడుతుంది. పాలిస్టర్ దారం తన బరువులో ఒక శాతం నీరు కూడా పీల్చుకోదు, అందుకే త్వరగా ఆరుతుంది. దాని వల్ల వచ్చే వాసన నిజమే. అయినా ఏ రోజుది ఆ రోజు ఉతికి ఆరేస్తే సాయంత్రానికే సిద్ధం.

మూడు నాలుగు వందలకు దొరికే థర్మల్ జత నా దగ్గర ఉంది. పైది ఎప్పుడో ఒకసారి, మరీ చలిగా ఉన్న రోజునే వేస్తాను. సగం దారికే ఉక్కపోస్తుంది. కింది ప్యాంటు మాత్రం నెల పొడుగునా వాడతాను, దానికి కారణం మోకాళ్లు. మోకాలి చిప్ప మీద కండ ఉండదు, కొవ్వు ఉండదు, నేరుగా చలిగాలి కొడుతుంది. నిక్కరుతో తొక్కే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ట్రాక్ ప్యాంటు కాలు చెయిన్‌లో పడకుండా కుడి కాలికి ఒక రబ్బరు బ్యాండ్ వేసుకోండి.

ఉన్ని గురించి ఒక మాట. కళ్యాణదుర్గం వైపు గొర్రెలు కాసేవాళ్లు భుజాన కంబళి లేకుండా బయల్దేరరు. మంచులో తడిసినా దాని కింద వెచ్చగానే ఉంటుంది. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ తాగినా పైకి తడిగా అనిపించదు. కంబళి కప్పుకుని సైకిల్ తొక్కలేం కానీ, ఇంట్లో పాత ఉన్ని స్వెటర్ ఉంటే దాన్ని పారేయకండి. చేతులు కత్తిరించి అంచు కుట్టిస్తే విండ్‌చీటర్ లోపలికి అంతకు మించింది లేదు. నాన్నగారి పాత స్వెటర్‌ను నేను అలాగే చేయించుకున్నాను.

ఒంట్లో అన్నిటికంటే ముందు మొద్దుబారేవి వేళ్లు. కాళ్లు తిరుగుతుంటాయి కాబట్టి వెచ్చబడతాయి, వేళ్లు మాత్రం హ్యాండిల్ మీద కదలకుండా గాలికి ఎదురుగా ఉంటాయి. బ్రేక్ పట్టాల్సిన చేతులవి. కనుక అల్లిన ఉన్ని గ్లవ్స్ వద్దు, హ్యాండిల్ మీద జారతాయి. అరచేతిలో రబ్బరు చుక్కలో, రెగ్జిన్ ముక్కో ఉన్న ఫుల్ గ్లవ్స్ నూట యాభై, రెండు వందలకు దొరుకుతాయి. చెవులకు మంకీ క్యాప్ వేసి దాని మీద హెల్మెట్ పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పడినప్పుడు తలను కాపాడదు. బైకుల వాళ్లు ముఖానికి లాక్కునే పల్చటి గొట్టం గుడ్డ వంద రూపాయలే. చెవులు, మెడ, ముక్కు మూడూ కప్పుతుంది, హెల్మెట్ కింద ఇమిడిపోతుంది.

చేతులకు వేసుకునే స్లీవ్స్ మన ఊరికి చాలా విలువైన వస్తువు. నూటికి జత వస్తాయి. పొద్దున ఆరింటికి చలికి వేసుకున్నవి, తొమ్మిదింటికి ఎండ ముదిరాక మడిచి జేబులో పెట్టుకోవచ్చు, మళ్లీ మే నెలలో ఎండకు అవే. లావు జెర్కిన్‌తో ఈ సుఖం లేదు. తిరుగు ప్రయాణంలో దాన్ని నడుముకు కట్టుకోవాలి, అది జారి చక్రంలో పడుతుందేమోనని దారంతా టెన్షన్.

డబ్బు అసలే లేకపోతే పాత దినపత్రిక ఉంది. నాలుగు మడతలు వేసి టీషర్ట్‌కి, చొక్కాకి మధ్య ఛాతీ మీద పెట్టుకోండి. గాలిని ఆపుతుంది, చెమటను కొంచెం పీల్చుకుంటుంది, తడిశాక తీసి పారేయొచ్చు. టూర్ డి ఫ్రాన్స్ పోటీల్లో కొండలు దిగేటప్పుడు రైడర్లు ఎన్నో ఏళ్లు చేసింది ఇదే. ముసలమ్మ కట్ట దగ్గర చెరువు మీంచి వచ్చే గాలికి నేను వేసి చూశాను, ఛాతీ వరకు విండ్‌చీటర్‌తో సమానంగా నిలిచింది. భుజాలకు, చేతులకు మాత్రం ఏమీ చేయలేదు.

రంగు విషయంలో రాజీ పడకండి. నలుపు, నేవీ బ్లూ మాసినా కనపడవని అందరూ అవే కొంటారు. తెల్లవారుజామున హైవే మీద పొగమంచులో లారీ డ్రైవర్‌కు మనమూ కనపడం. పసుపో నారింజో తీసుకోండి. అది దొరక్కపోతే మెరిసే టేపు మీటరు కొని వీపు మీద, చేతుల మీద కుట్టించండి.

కొనే సమయం కూడా ముఖ్యమే. డిసెంబర్ మొదటి వారంలో రోడ్డు పక్కన స్వెటర్ల కుప్పలు పెట్టినప్పుడు బేరం ఆడితే "గిట్టదు సామీ" అనేస్తారు. సంక్రాంతి దాటాక అదే మనిషి "ఏదో ఒకటి ఇచ్చి తీసుకుపో అన్నా" అంటాడు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేలోపు ఆ సరుకు అమ్ముకోవాలి కదా. గ్లవ్స్, థర్మల్స్ అప్పుడు కొని వచ్చే ఏడాదికి దాచుకోండి. విండ్‌చీటర్ మాత్రం అంతదాకా ఆపకుండా నవంబర్‌లోనే తీసుకోండి, ఎక్స్ఎల్ దాటిన సైజులు ముందే అయిపోతాయి.