సముద్రంలో వేసే కాంక్రీట్ దిమ్మలు: గాజువాక వైపు యార్డు పనితనం

చేపలు, పీతలు కాపురం ఉండేలా కన్నాలు పెట్టి కాంక్రీట్ దిమ్మలు పోసిచ్చే యార్డు ఒకటి విశాఖలో గాజువాక వైపు ఉంది. నేను సైట్ సూపర్‌వైజర్‌ని. జెట్టీ రిపేరులో గోడ అడుగున వేయడానికి వాళ్ల దగ్గరే తీసుకున్నాం. సరుకు మంచిది. కానీ పోత పోసేటప్పుడు మన మనిషి దగ్గరుండాల్సిందే.

కన్నాలు అన్నీ ఒకే సైజులో లేకపోవడం నాకు బాగా నచ్చింది. వేలు దూరేవి, పిడికిలి పట్టేవి, తల దూరేంతవి కలిపి పెట్టారు. పెద్ద చేప తరుముకొస్తే అది దూరలేని సందులోకి పిల్ల చేప దూరిపోవాలి కదా. ప్రతి కన్నం ఇటు నుంచి అటు తెరిచే ఉంది కాబట్టి నీళ్లు ఆడతాయి, బురద పేరుకోదు. పైన కూడా వెడల్పుగా తెరిచి వదిలారు. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. లోపలికి దూరినది గాలి కోసం పైకి రావడానికి దారి ఉండాలి. అంతవరకు ఆలోచించినందుకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

సముద్రపు నీటిలో ఉండే ఆర్‌సీసీకి (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీట్) ఐఎస్ 456 అనే భారత ప్రమాణం ప్రకారం బలం ఎం30 గ్రేడుకి తగ్గకూడదు, ఉక్కు కొలిమి చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంట్ అయితే మేలు. వీళ్లు అదే వాడారు. కాంక్రీట్ బలం చూసే క్యూబ్ టెస్ట్ రిపోర్టులు అడక్కుండానే ఇచ్చారు.

పేచీ అంతా ఫినిషింగ్ దగ్గరే. మొదటి విడత దిమ్మలకు నీట్ సిమెంట్ (ఇసుక కలపని సిమెంట్ ముద్ద) పూసి, ఇంటి గచ్చులా తాపీతో మెరిపించేశారు. "గరుగ్గా వదిలేస్తే మాకే మాటొస్తాది సార్" అన్నాడు మేస్త్రీ. కానీ నున్నటి దాని మీద నాచు, గుల్లల పిల్లలు నిలదొక్కుకోలేవు. పైగా కొత్త సిమెంట్ పీహెచ్, అంటే క్షార గుణం కొలత, 12 దాటుతుంది, సముద్రపు నీటిది 8 చుట్టుపక్కల; అంత ఘాటు వాటికి పడదు. రెండో విడతకు అచ్చు లోపల పంచదార నీళ్లు రాయించాను. పైపొర గట్టిపడదు, అచ్చు విప్పగానే వైర్ బ్రష్‌తో కడిగితే కంకర తేలుతుంది. ఎత్తడానికి పెట్టిన ఇనుప కొక్కేలు కూడా తీసేయించి తాడు దూరే కన్నం పెట్టించాను. తుప్పు ఉబ్బితే కాంక్రీట్ పగులుతుంది.

ఇప్పుడు నీళ్లు వెనక్కి తగ్గే పాటు సమయంలో వంగి చూస్తే తేడా కనిపిస్తోంది. గరుకు దిమ్మ నిండా తెల్ల గుల్లలు. ఓ బుల్లి పీత కన్నంలోంచి డెక్క చాపి, నాచు గిల్లి నోట్లో పెట్టుకుంటోంది. పక్కనున్న నున్నటి దిమ్మ మీద పల్చటి జిగురు తప్ప ఏమీ లేదు.

మామూలు దిమ్మ కంటే రేటు ఎక్కువే, అచ్చుల పని అలాంటిది. దిమ్మ కింది భాగం వెడల్పు మాత్రం ఇంకాస్త పెంచమనండి, హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది. డెలివరీ ఏప్రిల్ 15 లోపే తీసుకోండి. అక్కడి నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే కట్టేసి ఉంటాయి, క్రేన్‌కు చోటు దొరకదు.