కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ దగ్గర థీసిస్ ప్రింట్ వేయించుకునే వాళ్ల కోసం

హన్మకొండలో థీసిస్ ప్రింటు, బైండింగ్ ఎక్కడ బాగుంటుందని జూనియర్లు అడుగుతున్నారు. నేను చేయించింది కేయూ క్రాస్ రోడ్ నుంచి నయీంనగర్ వైపు వస్తుంటే, టిఫిన్ సెంటర్ పక్కన మెట్లు దిగితే ఉండే చిన్న జిరాక్స్ షాపులో. బోర్డు సగం చెరిగిపోయి ఉంటుంది, చూసుకుంటూ వెళ్లండి.

నాది ఫిజిక్స్. నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్న అణువులు బలమైన లేజర్ పల్స్ (అతి కొద్దిసేపే మెరిసే లేజర్ కాంతి) తగిలితే ఎట్లా ముక్కలవుతాయో కంప్యూటర్ మీద లెక్కగట్టాను. మొదట ఇంకో చోట ఇచ్చాను, పేరు వద్దు. మార్జిన్లు సరిచేస్తామని వర్డ్ ఫైల్ తీసుకున్నారు. వాళ్ల సిస్టమ్‌లో తెరిచేసరికి పైన ఉండాల్సిన అంకెలన్నీ కిందికి దిగాయి. చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్లు అన్నది 1014 వాట్లయింది. వెయ్యి వాట్లంటే మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె. అణువు నుంచి ఎలక్ట్రాన్లను లాగేసే తీవ్రత అదెట్లా అవుతుంది? 10⁻¹⁵ సెకన్లు, అంటే ఒక ఫెమ్టోసెకను, ‘10-15 సెకన్లు’ అయి కూర్చుంది. జెరార్ మురూ పేరులో అక్షరం మీది గీత కూడా పోయింది. ఆయన, డోనా స్ట్రిక్‌లాండ్ 1985లో చూపించిన పద్ధతి, అంటే పల్స్‌ను సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించడం, లేకపోతే ఈ రంగం ఇంత దూరం వచ్చేది కాదు. 2018లో వాళ్లకు నోబెల్ వచ్చింది కూడా దానికే. ఈ తప్పులన్నీ హుజూరాబాద్ బస్సులో కూర్చుని చూసుకున్నాను. సబ్మిషన్‌కు మూడు రోజులే ఉంది, ఆ టెన్షన్‌లో ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఈ షాపుకు వెళ్లాను. ఓనర్ అన్న వర్డ్ ఫైల్ వద్దన్నాడు, పీడీఎఫ్ మాత్రమే తీసుకున్నాడు. ముందు రెండు కలర్ పేజీలు వేసి చూపిస్తానన్నాడు. నాకు కలర్ పేజీలే ముఖ్యం. నైట్రోజన్ అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు పోతే మిగిలేవి పక్కపక్కనే రెండు ధనావేశాలు. అవి ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి. మూడు పోతే ఇంకా గట్టిగా నెట్టుకుంటాయి. విడిపోయిన ఆ ముక్కల (అయాన్ల) వేగాలను బొమ్మ గీస్తే లోపల ఒక వలయం, బయట ఒక వలయం వస్తాయి. లోపలిది నీలం, బయటిది ఎరుపు పెట్టుకున్నాను. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద రంగు.

మొదటి పేజీ రాగానే అన్న మెషిన్ ఆపేశాడు. “మేడమ్, పైనా కిందా చిక్కగా పడ్డది, పక్కలకు పలచగ ఉన్నది. రోలర్‌ది ప్రాబ్లమ్ కావచ్చు” అని లోపల తుడిచి, ఇంకో కాగితం పెట్టి మళ్లీ వేశాడు. మళ్లీ అట్లాగే వచ్చింది. అప్పుడు చెప్పాను: “అన్నా, అది తప్పు కాదు. లేజర్ విద్యుత్ క్షేత్రం ఊగే దిక్కున అణువులు ఎక్కువ విరుగుతాయి, అందుకే అటు చిక్కగా ఉంది.” ఆయన బొమ్మను తిప్పి చూసి, “అయితే పేజీ అడ్డం తిరిగితే మీ లెక్క తప్పయితది కదా” అన్నాడు. వైవాలో ఎగ్జామినర్ అడిగే మాట అది. నా గైడ్‌కు కూడా చెప్పాను. పాడైన కాగితానికి డబ్బులు తీసుకోలేదు.

నలుపు పేజీ రూపాయిన్నర, కలర్ పది రూపాయలు, హార్డ్ బైండింగ్ 250. నాలుగు కాపీల్లో ఒక్క పేజీ కూడా తారుమారు కాలేదు. వెన్ను మీద బంగారు అక్షరాలు మాత్రం ఒక కాపీలో కొంచెం వంకరగా పడ్డాయి. చెబితే మార్చి ఇచ్చాడు, కానీ ఒక పూట పోయింది. కూర్చునే చోటు లేదు, మధ్యాహ్నం ఉక్కపోత. కరెంటు పోతే కలర్ మెషిన్ ఆగిపోతుంది, నేను గంటన్నర మెట్ల మీదే ఉన్నాను. అందుకని పొద్దున పదింటికల్లా వెళ్లండి, ఫాంట్లు ఫైల్‌లోనే ఉండేట్టు పీడీఎఫ్ చేసుకోండి. బొమ్మలున్న పేజీల నంబర్లు చీటీ మీద రాసివ్వండి, ఆయన ఆ చీటీ మెషిన్‌కే అంటించుకుంటాడు.