పెరటి కొలనుకు సోడియం బెంటోనైట్: బస్తా మీద రాయని సంగతులు

కొలను అడుగు నుంచి నీరు కారిపోకుండా ఆపడానికి వాడే, తడి తగిలితే ఉబ్బే బంకమన్ను పొడి ఇది. మంచి రకమైతే పది పన్నెండు రెట్లు ఉబ్బి మట్టి రేణువుల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది. సరుకులో లోపం లేదు. 'నీళ్లలో చల్లితే చాలు' అని బస్తా మీద ఉండే మాటతోనే వస్తుంది తంటా అంతా.

కొనే ముందు కొలను నిజంగా కారుతోందా అన్నది తేల్చుకోవాలి. బకెట్‌లో కొలను నీళ్లే పోసి, కొలనులోనే ఇటుకల మీద నిలబెట్టి, లోపలా బయటా నీటి మట్టం దగ్గర గీత గీయండి. పంపు ఆపేసి 24 గంటలు వదిలేయండి. రెండు మట్టాలూ సమానంగా దిగితే ఆ నీరు ఆవిరైపోయిందంతే. బయటిది ఎక్కువ దిగితేనే లీకు. పంపు నడిచినప్పుడే నీరు తగ్గుతుంటే తప్పు పైపుదో జలపాతం అంచుదో, బెంటోనైట్‌తో పని లేదు. మట్టం కొంత దిగి ఒకచోట ఆగిపోతే, కన్నం ఆ ఎత్తులోనే ఉంటుంది. గట్టులో ఎలక బొక్కో, కుళ్లిన వేరు వదిలిన సందో దొరికితే అక్కడి వరకే తవ్వి పూడ్చుకోవచ్చు.

ఇది మట్టి అడుగు ఉన్న కొలనులకే. సిమెంటు పగుళ్లకూ, చిరిగిన రబ్బరు షీటుకూ దీన్ని కొనడం డబ్బు దండగ. గోడలు నిట్టనిలువుగా ఉన్నా పూత జారిపోతుంది. ఒక మీటరు లోతుకు మూడు మీటర్ల ఏటవాలు ఉండాలి. అంత చోటు లేకపోతే షీటు వేసుకోవడమే నయం.

బస్తా మీద 'సోడియం' అని స్పష్టంగా ఉండాలి. కాల్షియం బెంటోనైట్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ పెద్దగా ఉబ్బదు. అనుమానం ఉంటే కొలత గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, 2 గ్రాముల పొడిని చిటికెడు చిటికెడుగా జల్లండి. మర్నాటికి అడుగున 24 మిల్లీలీటర్ల దాకా ఉబ్బి కూర్చుంటే సరుకు మంచిదే. పది దగ్గరే ఆగిపోతే తిప్పి పంపేయండి. పిల్లుల మలం కోసం అమ్మే గుళికలు కూడా చాలావరకు బెంటోనైటే, కానీ వాటిలో చాలా రకాలకు సువాసనలు కలుపుతారు. చేపలున్న కొలనుకు వద్దు.

బంకమన్ను పాలు ఉన్న నేలకు చదరపు మీటరుకు 5 నుంచి 7 కిలోలు, గరప నేలకు 10, ఇసుక నేలకు 15. టేపును ఒక అంచు నుంచి అడుగు మీదుగా రెండో అంచు దాకా నేలకు ఆనించి కొలవాలి. పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 వస్తే 30 చదరపు మీటర్లు. గరప నేలైతే 300 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు పన్నెండు. పిసినారితనం చేసి సగం వేస్తే సగం ఫలితం కూడా రాదు. పలచబడిన చోటల్లా నీరు దారి వెతుక్కుంటుంది.

నీళ్లు తోడేసి అడుగును ఆరనివ్వండి. రాళ్లు, వేళ్లు ఏరేసి పై 10–15 సెంటీమీటర్ల మట్టిని గుల్ల చేయండి. పురికొసతో మడులుగా విభజించి మడికో బస్తా పెట్టుకుంటే లెక్క తప్పదు. గరప నేలలో ఒక్కో మడి 1 మీటరు వెడల్పు, రెండున్నర పొడవు. గాలి లేని రోజు, ముక్కుకు మాస్కు కట్టుకుని పొడిని పరిచి, దంతెతో మట్టిలో బాగా కలపాలి. తర్వాత దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. జనం వదిలేసేది ఈ దిమ్మిస పనినే. గుల్లగా ఉన్న మట్టిలో బంక ఎంత ఉబ్బినా సందులు మిగిలిపోతాయి. కొట్టేటప్పుడు మట్టి పిడికిట్లో ముద్దయ్యేంత చెమ్మగా ఉంటే చాలు, బురద కాకూడదు. పైన 5–10 సెంటీమీటర్ల మామూలు మట్టో సన్న కంకరో కప్పితే కుక్క గోళ్లకూ పంపు ఈడ్పులకూ పూత చెదరదు. పైపు దూరే చోట చుట్టూ చేతి వెడల్పున అచ్చం బెంటోనైటే కూరాలి.

నీళ్లు పెట్టేటప్పుడు గొట్టం కింద గోనెసంచో చెక్కో వేయండి, లేకపోతే ధార పూతను కోసేస్తుంది. బంక నీరు పీల్చుకునేటప్పుడు మట్టం కాస్త దిగుతుంది, కంగారు అక్కర్లేదు.

నీళ్లు తోడకుండా చల్లే పద్ధతికి పొడి పనికిరాదు. పైన తేలి ముద్దకట్టి, రోజుల తరబడి నీటిని మడ్డిగా ఉంచుతుంది. గుళికల రూపంలో దొరికే బెంటోనైటైతే మునిగి, లీకు లాగే చోటికి కొంత చేరుతుంది. చిన్న ఊటలకు ఓసారి ప్రయత్నించవచ్చు, ఇసుక అడుగుకు మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఉప్పు నీటిలోనూ, సున్నం ఎక్కువున్న కఠిన జలంలోనూ ఉబ్బు తగ్గుతుంది. వేసవిలో మట్టం దిగి అంచు ఎండితే పూత బీటలు వారుతుంది. తడిస్తే చాలావరకు మళ్లీ కలుసుకుంటుంది గానీ, బీటల్లోకి దుమ్ము, ఆకులు పడితే కలుసుకోదు. అందుకే అంచు పొడవునా కప్పుమట్టి మరికాస్త మందంగా వేయాలి. మిగిలిన బస్తాను నేల మీద కాకుండా చెక్క మీద పెట్టి ప్లాస్టిక్ పట్టా కప్పండి. చెమ్మ తగిలి గడ్డ కట్టిన పొడి మళ్లీ మట్టిలో సమంగా కలవదు.