ఆర్‌టీఎక్స్ 4060 పక్కన ఏ ప్రాసెసర్ మేలు? ఐ3-12100ఎఫ్, రైజెన్ 5 5500, 5600, ఐ5-12400ఎఫ్

తక్కువ ఖర్చులో గేమింగ్ పీసీ కట్టేవాళ్లు ఎక్కువగా చూసే గ్రాఫిక్స్ కార్డులు ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060. మూడింటికీ మెమరీ 8 జీబీయే. మూడూ 1080పీ స్క్రీన్‌కి సరిపోయేవే. వీటికి జోడీగా షాపులో వినిపించే ప్రాసెసర్ల పేర్లు నాలుగు: కోర్ ఐ3-12100ఎఫ్, రైజెన్ 5 5500, రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400ఎఫ్ (కోర్ అంటే ఇంటెల్‌వి, రైజెన్ అంటే ఏఎండీవి). ఆరు కోర్లు తక్కువ ధరకి వస్తున్నాయి కదా అని చాలామంది 5500 దగ్గర ఆగిపోతారు. ఈ మూడు కార్డులకి అది తప్పు ఎంపిక. ఎందుకో కాస్త వివరంగా చూడాలి.

అంకెలో వందే తేడా కాబట్టి 5500ని 5600కి తమ్ముడనుకుంటారు. కానీ లోపలి చిప్పే వేరు. ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన చిప్‌లో గ్రాఫిక్స్ భాగాన్ని ఆపేసి 5500గా అమ్ముతున్నారు. అందుకే 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఉంటే దీంట్లో 16 ఎంబీయే ఉంది. అంతకంటే పెద్ద లోటు, ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య డేటా నడిచే దారి, అంటే పీసీఐఈ, ఇందులో పాత 3.0 దగ్గరే ఆగిపోవడం. పైన చెప్పిన మూడు కార్డులూ ఆ దారిలో 8 లేన్లే (వరుసలే) వాడతాయి. 4.0లో ఆ 8 లేన్ల మీద సెకనుకి సుమారు 16 జీబీ నడుస్తుంది, 3.0లో అందులో సగమే. ఆట కార్డు మెమరీలో ఇమిడినంతసేపు తేడా పెద్దగా తెలియదు. టెక్స్చర్లు అల్ట్రాలో పెట్టి 8 జీబీ దాటించారా, మిగిలిన డేటా ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి. ఆట ఝటకాలు కొట్టడం అక్కడ మొదలవుతుంది. 4.0 ఉన్న బీ550 మదర్‌బోర్డు కొన్నా ఇది పోదు, ఎందుకంటే కార్డుకి వెళ్లే లేన్లు బోర్డువి కావు, ప్రాసెసర్‌వి. నాలుగే లేన్లున్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీతో పరిస్థితి ఇంకా ఘోరం. 16 లేన్లున్న ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డుకైతే 5500 పెట్టినా ఈ బాధ ఉండదు, క్యాష్ తక్కువన్న లోటు మాత్రం ఉంటుంది.

ఐ3-12100ఎఫ్‌లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 4.3 గిగాహెర్ట్జ్. ఒక్కో కోర్ బలంలో ఇది 12400ఎఫ్‌కి దాదాపు సమానం. వాలొరెంట్, సీఎస్2 లాంటివి దీంతో హాయిగా నడుస్తాయి. ఇబ్బంది జనం కిక్కిరిసిన చోట: సైబర్‌పంక్ 2077 వీధుల్లో, బాల్డర్స్ గేట్ 3 మూడో అంకంలో వచ్చే నగరంలో. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది, కానీ ‘1% low’, అంటే అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం, పడిపోతుంది. వెనకాల డిస్కార్డ్, బ్రౌజర్, రికార్డింగ్ నడుస్తుంటే ఇంకా పడుతుంది. ఐ3 ఎంచుకోవడానికి ఒకే ఒక మంచి కారణం ఉంది. దాని మీద మిగిలిన డబ్బుతో కార్డు ఒక మెట్టు పైకి వెళ్తే తీసుకోండి. అదే బోర్డులో తర్వాత 12400ఎఫ్ గానీ 14400ఎఫ్ గానీ పెట్టుకోవచ్చు. కార్డు మారకపోతే ఐ3 వద్దు.

ఇక 5600, 12400ఎఫ్. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 4.4 గిగాహెర్ట్జ్. ఈ కార్డులతో 1080పీలో ఆడుతున్నప్పుడు వీటి మధ్య తేడా కంటికి ఆనదు. కాబట్టి తేల్చేది బోర్డే. 5600కి పీసీఐఈ 4.0 కావాలంటే బీ550 తీసుకోవాలి. ఏ520, బీ450 బోర్డుల్లో స్లాట్ 3.0గానే పనిచేస్తుంది, అంటే 5500ని వద్దనుకున్న కారణం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. 12400ఎఫ్‌కైతే చవకైన హెచ్610 బోర్డు మీదే కార్డుకి 4.0 అందుతుంది. ర్యామ్ స్లాట్లు రెండే, డీడీఆర్4 వేగం 3200 దాటదు, కానీ ఆటలకి అది చాలు. కొత్తగా అంతా కొనేవాళ్లకి నా ఓటు 12400ఎఫ్, హెచ్610కే. ఒక జాగ్రత్త: ఇంటెల్ బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. పెట్టె మీద చదివి ర్యామ్ కొనండి, ఒకదానిది ఇంకోదాంట్లో దూరదు.

ఇంట్లో ఇప్పటికే బీ450 బోర్డు, పాత రైజెన్ ఉంటే లెక్క మారుతుంది. స్లాట్ 3.0 అయినా సరే, బోర్డూ ర్యామూ మార్చే ఖర్చు తప్పుతుంది కాబట్టి 5600 ఒక్కటే కొనడం మేలు. అయితే పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. చిప్ మార్చాక చేద్దామనుకుంటే స్క్రీన్ మీద ఏమీ రాదు. మీ బోర్డు పేరు, రివిజన్ నంబర్ చూసుకుని ఫైల్ దించండి, ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేయండి, బయోస్‌లోంచే ఎక్కించండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది, యూపీఎస్ మీద పెట్టి చేయండి. కూలర్ తీసేముందు పీసీని పది నిమిషాలు నడిపి పేస్టుని వేడెక్కనివ్వండి. తర్వాత ఆపేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి లాగండి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటే వస్తుంది, పిన్నులు వంగుతాయి.

ఇంటెల్ వాళ్ల గ్రాఫిక్స్ కార్డు ఆర్క్ బీ580 కొనేవాళ్లు ఐ3, 5500 రెండూ మర్చిపోండి. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది, కొన్ని ఆటల్లో 5600తో కూడా వెనకబడింది. బయోస్‌లో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే సెట్టింగ్) ఆన్ చేయడం ఆ కార్డుకి తప్పనిసరి.

డబ్బు ఇంకాస్త పెట్టగలిగితే ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లో రైజెన్ 5 7500ఎఫ్ ఉంది. 5 గిగాహెర్ట్జ్, 32 ఎంబీ క్యాష్, తర్వాత పెద్ద చిప్ వేసుకునే దారి. కాకపోతే డీడీఆర్5 తప్పనిసరి, ర్యామ్ ధర చూసుకుని దిగండి. పక్కనే చవగ్గా కనిపించే 8400ఎఫ్ జోలికి వెళ్లొద్దు, క్యాష్ 16 ఎంబీయే.

ఏ చిప్ కొన్నా ర్యామ్ 8 జీబీవి రెండు వేయండి. 16 జీబీ స్టిక్ ఒక్కటే వేస్తే పోయే వేగం, 5600కీ 12400ఎఫ్‌కీ ఉన్న తేడా కంటే ఎక్కువ. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ కూడా 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. ఈ నాలుగు ప్రాసెసర్లలో దేనికీ సొంత గ్రాఫిక్స్ లేదు, మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా ఇంకెక్కడ కొన్నా, ట్రే పీస్ (కంపెనీ పెట్టె లేకుండా విడిగా అమ్మే చిప్) అంటే కూలర్ రాదు, వారంటీ అమ్మినవాడిదే. బిల్లు మీద రాయించుకోండి.

అంతా బిగించాక జీపీయూ-జెడ్ (గ్రాఫిక్స్ కార్డు వివరాలు చూపే ప్రోగ్రామ్) తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే కంగారు పడొద్దు, పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడపండి. బీ550 మీద 5600తో గానీ, హెచ్610 మీద 12400ఎఫ్‌తో గానీ అప్పుడు ఎక్స్8 4.0 అని రావాలి. ఎక్స్4 అని వస్తే కార్డు రెండో స్లాట్‌లో ఉన్నట్టు, తీసి పై స్లాట్‌లో పెట్టండి.