గద్వాల పల్లీలు, అమ్మ బ్యాగు, ఆరు కిలోలు

సంక్రాంతికి నల్లగొండ వెళ్లి, అటు నుంచి నాగార్జునసాగర్, పాలమూరు (మహబూబ్‌నగర్), అలంపురం, గద్వాల చూసుకుని, అమ్మను వెంటబెట్టుకుని పుణెకు తిరిగొచ్చాం. నేను, మావారు, అమ్మ. ఐదు రోజులూ హాయిగా గడిచాయి. చివరి రోజు శంషాబాద్ చెక్ఇన్ కౌంటర్ దగ్గర మాత్రం అరగంటసేపు నరకం చూశాం. అదంతా చెప్పాలనే రాస్తున్నాను, కానీ చూసిన ఊళ్ల గురించి చెప్పకుండా దాటేస్తే అన్యాయం అవుతుంది.

మొదట పానగల్లు. నల్లగొండలోనే పుట్టి పెరిగి, ఛాయా సోమేశ్వరాలయాన్ని ఇంత తీరిగ్గా చూడటం నాకిదే మొదటిసారి. కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. ఒక గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. ఎదురుగా చూస్తే ఆ నీడకు తగిన స్తంభం ఏదో తేల్చుకోలేం. వెలుతురు వచ్చే దారుల్నీ స్తంభాల్నీ ఆ రోజుల్లోనే అలా లెక్కగట్టి నిలబెట్టారు. జనం తక్కువ, టికెట్ లేదు. ఊళ్లోంచి ఆటోలో పది నిమిషాల్లో చేరిపోవచ్చు. దగ్గరే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలకు ఇంకో గంట పెట్టుకోండి.

మరుసటి రోజు సాగర్‌కు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. తెలంగాణ ఆడవాళ్లకు ఆ బస్సుల్లో ఉచితం, అమ్మ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. నా ఆధార్‌లో పుణె అడ్రస్ ఉంది కాబట్టి నాకు డబ్బులు పడ్డాయి. అది రూలు, కండక్టర్ మర్యాదగానే చెప్పాడు. జనవరిలో గేట్లు ఎత్తరు. నీళ్లు దూకడం చూడాలంటే వానాకాలంలో, కృష్ణకు వరద వచ్చినప్పుడు రావాలి. మా రోజంతా అక్కడి బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనంలోనే గడిచింది. 274 ఎకరాలు, 2022లో తెరిచారు. మహాస్తూపం లోపల కూర్చుంటే అమ్మకు లేవబుద్ధి కాలేదు. ఎండలో నడక మాత్రం ఎక్కువే, పెద్దవాళ్లతో వెళ్తే పొద్దున్నే వెళ్లండి. రాత్రి దిగిన లాడ్జిలో కిటికీ తీస్తే నీళ్లు కనిపిస్తాయి, అంతవరకు బాగుంది. భోజనం మాత్రం చల్లారిపోయి వచ్చింది. వేడి చేసి తెమ్మంటే ముప్పావుగంట పట్టింది.

అక్కడి నుంచి కారు మాట్లాడుకుని దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ చేరాం. పిల్లలమర్రికి 700 ఏళ్ల వయసంటారు. చెదలు పట్టి కొమ్మ కూలినప్పుడు, 2018లో సెలైన్ సీసాలు కట్టి ఆ చెట్టుకు మందు ఎక్కించారు. ఆస్పత్రిలో మనిషిని బతికించుకున్నట్టు ఒక మర్రిని బతికించుకున్నారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. పాలమూరులో దిగిన చిన్న లాడ్జి ఈ ప్రయాణంలో మాకు దొరికిన మంచి బస. గది ఉతికినట్టు శుభ్రం, తెల్లవారుజామున ఐదింటికే వేడినీళ్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులని తెలిసి కింది గది మార్చి ఇచ్చారు, దానికి ఒక్క రూపాయి అదనంగా తీసుకోలేదు.

అలంపురానికి కనీసం సగం రోజైనా ఉంచుకోండి. జోగులాంబ దర్శనం చేసుకుని వెంటనే బయల్దేరేవాళ్లే ఎక్కువ. పక్కనే నవబ్రహ్మ ఆలయాలున్నాయి, బాదామి చాళుక్యులు కట్టినవి. పేర్లన్నీ బ్రహ్మవి, లోపల ఉన్నది శివుడు. స్వర్గ బ్రహ్మ గుడి గోడల ముందు నేను గంట నిలబడ్డాను. కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు, దాన్ని చూడకుండా రావద్దు. రాత్రి బసకు ఆ ఊళ్లో పెద్దగా వీలుండదు. కర్నూలు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది, లేదా మాలాగ గద్వాల వెళ్లిపోవచ్చు.

గద్వాలలో నేతగాళ్ల ఇంట్లోనే చీరలు తీసుకున్నాం. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట దారానికి దారం మెలివేసి అతికే పనిని కుట్టు అంటారు. ఆ ఇంటి పెద్దాయన చీరను తిరగేసి ఆ అతుకును నా వేలితో తడిమించాడు. ఎక్కడ నూలు ఆగి ఎక్కడ పట్టు మొదలైందో వేలికి తెలియలేదు. మూడు చీరలు. దారిలో కొత్త పల్లీలు కనిపిస్తే అమ్మ నాలుగు కిలోలు తీసుకుంది. అన్నీ అమ్మ పెద్ద బ్యాగులోనే సర్దాం. నల్లగొండలో బయల్దేరేటప్పుడు ఆ బ్యాగు 14 కిలోల పైచిల్లర ఉంది. ఆ తర్వాత మళ్లీ తూచలేదు.

సాయంత్రం 6.10కి విమానం, కౌంటర్ 5.10కి మూసేస్తారు. దారిలో ట్రాఫిక్ వల్ల మేం లైను దాటి కౌంటర్ ముందుకు వచ్చేసరికి 4.40 అయింది. చవక టికెట్ల విమానం, మనిషికి 15 కిలోలు ఉచితం. మా ఇద్దరి బ్యాగులు 11.8, 12.6 వచ్చాయి. ట్యాగు వేసి బెల్టు మీద పంపేశారు. తర్వాత అమ్మ బ్యాగు పెట్టాం. 22.6.

ముగ్గురికీ కలిపి 45 కిలోలు కదా, చీరలు చేతి సంచిలోకి తీస్తే లెక్క లోపలికే వస్తుంది అన్నాను. కౌంటర్ అమ్మాయి కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది. మా ఇద్దరి టికెట్ ఒక పీఎన్‌ఆర్, అమ్మది వేరే పీఎన్‌ఆర్. అమ్మ వస్తానని చెప్పింది ఆలస్యంగా, ఆ టికెట్ విడిగా కొన్నాం. వేర్వేరు పీఎన్‌ఆర్‌లకు బరువు కలపరట. పోనీ మా బ్యాగులు వెనక్కి తెప్పించండి, వాటిలో సర్దుకుంటాం అంటే, లోపలికి వెళ్లినవి రావన్నారు. మా చేతి సంచులు అప్పటికే ఏడేసి కిలోలు. పచ్చళ్లు చేతి సంచిలో పెట్టనివ్వరు.

బ్యాగు కిందికి దించి, అందరూ చూస్తుండగా నేల మీద తెరిచాం. చీరలు, శాలువా తీసి అమ్మ చేతి సంచిలో కుక్కాను. ఉసిరికాయ పచ్చడి డబ్బా మూత వదులై నూనె పాత టవల్‌కు అంటింది. నా చేతులు వణుకుతున్నాయి. అప్పుడే అమ్మ నా భుజం తట్టింది.

“ఏందే ఇది, సంచి తీసినంక గూడ కాంటా మీద అంకె పోతలేదు?”

తలెత్తి చూశాను. బెల్టు మీద ఏమీ లేదు. అంకె 1.2 దగ్గర నిలబడి ఉంది.

మా నాన్న పత్తి అమ్మడానికి పోయినప్పుడల్లా తూకానికి ముందు ఖాళీ కాంటా చూసేవాడు. సున్నా మీదికి వచ్చిందాకా ఒక్క బోరెం (బస్తా) కూడా పెట్టనిచ్చేవాడు కాదు. నలభై ఏళ్లు ఆయన పక్కన నిలబడ్డ మనిషి మా అమ్మ. ఇన్ని విమానాలెక్కిన నాకు కనబడనిది ఆమెకు కనబడింది.

వెంటనే ఫోటో తీశాను. “బెల్టు కదులుతుంటే అట్లనే చూపిస్తది అమ్మా” అన్నది ఆ అమ్మాయి. బెల్టు ఆగే ఉంది. మళ్లీ బ్యాగు పెట్టాం, 20.3. పక్క కౌంటర్ ఖాళీ అయితే మావారు బ్యాగు ఎత్తుకెళ్లి అక్కడ పెట్టారు. అక్కడ ముందు సున్నా, తర్వాత 19.1. దానికీ ఫోటో తీశాను. సూపర్‌వైజర్ వచ్చి, బరువు సిస్టమ్‌లో ఎక్కిపోయింది, మార్చలేనన్నాడు. 5.3 అంటే వాళ్ల లెక్కలో 6. కిలోకు 600 చొప్పున 3,600. పల్లీలు తీసి పక్కన పెడితే చాలావరకు తగ్గేది, నిజమే. “పండిన గింజను ఈడ పారేసి పోదామా బిడ్డా?” అంది అమ్మ. నా నోట మాట రాలేదు.

వెనక నిలబడ్డ ఒకాయన, కిలోకు వంద మించి తీసుకోకూడదని రూలుంది, గట్టిగా అడగండి అన్నాడు. చాలామంది ఇప్పటికీ ఇదే అనుకుంటున్నారు. 15 నుంచి 20 కిలోల మధ్య కిలోకు 100 మించొద్దని 2016లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పిన మాట నిజం. మరుసటి ఏడాదే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు ఆ ధర కంపెనీ ఇష్టం. ఆ వంద పట్టుకుని కౌంటర్లో అరిస్తే టైమ్ పోతుంది తప్ప పైసా తగ్గదు.

ఐదు దాటుతోంది. కార్డుతో 3,600 కట్టి, రసీదు అడిగి తీసుకున్నాను. “తూకం మీద అభ్యంతరంతో కట్టాను” అని రసీదు మీద రాసి, ఆ అమ్మాయి ముందే ఫోటో తీసుకున్నాను. కౌంటర్ నంబర్, టైమ్ కూడా రాసుకున్నాను. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. రోజంతా తిట్లు తినేది ఆమే, నిర్ణయాలు ఆమె చేతిలో ఉండవు.

ఆ రాత్రే కంపెనీకి మెయిల్ పెట్టాను. రసీదు, బోర్డింగ్ పాస్, బ్యాగు ట్యాగు, రెండు తూకాల ఫోటోలు, ఖాళీ బెల్టు ఫోటో జత చేశాను. మూడు రోజులకు జవాబొచ్చింది, అంతా మా నియమాల ప్రకారమే జరిగిందని. తూకం గురించి ఒక్క ముక్క లేదు. రెండో మెయిల్ ఫిర్యాదులు చూసే వాళ్ల నోడల్ అధికారికి రాశాను. ఆ వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, కిందికి వెతుక్కోవాలి. ఈసారి పొడుగ్గా రాయలేదు. ఖాళీ కాంటా 1.2 చూపింది, పక్క కాంటా 19.1 చూపింది, ఎక్కువ తేలింది 4.1 కిలోలే, మీ లెక్క ప్రకారం కూడా 5 కిలోలకే తీసుకోవాలి, ఆరో కిలో 600 వెనక్కివ్వండి అని అడిగాను. పీఎన్‌ఆర్ కలపకపోవడం గురించి ఈ మెయిల్లో ఎత్తలేదు. ఆ నియమం టికెట్ షరతుల్లో స్పష్టంగా ఉంది, చదవకుండా కొన్నది మేమే. గెలవలేని మాటను గెలవగల మాటతో కలిపితే రెండూ పోతాయి.

ఎనిమిదో రోజున ఎయిర్‌సేవా పోర్టల్లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. కేంద్ర విమానయాన శాఖది అది, ఫిర్యాదు నేరుగా కంపెనీకే వెళ్తుంది, జవాబు ఇవ్వక తప్పదు. అక్కడా తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. టికెట్ అమ్మ పేరు మీద ఉంది కాబట్టి నల్లగొండలోనే వేసేవాళ్లం. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. అంతదాకా పోవడానికి కూడా నేను సిద్ధపడ్డాను.

ఇరవై మూడో రోజు కార్డులోకి 600 వచ్చాయి. ఒక లైను మెయిల్ కూడా వచ్చింది, సంబంధిత విభాగానికి తెలియజేశాం అని.

ఆరు వందలు నా చేతికొచ్చాయి సరే. ఆ సాయంత్రం ఆ కాంటా మీద మా వెనక ఎంతమంది బ్యాగులు పెట్టి ఉంటారు? దుబాయ్ విమానమెక్కే పాలమూరు కూలీ అలాంటి కాంటా ముందు నిలబడితే ఏం చేస్తాడు? కిలోకు 600 అంటే అతనికి ఒక రోజు కష్టం. అంగట్లో తక్కెడకు ఉన్నట్టే విమానాశ్రయంలో కాంటాకూ 2009 తూనికలు కొలతల చట్టం వర్తిస్తుంది, ఏటా సరిచూసి ముద్ర వేయించాలి. కౌంటర్ నంబర్, తేదీ, ఫోటోలు పెట్టి తెలంగాణ తూనికలు కొలతల శాఖకు నిన్ననే ఫిర్యాదు పంపాను.

ఉగాదికి అమ్మను దింపడానికి మావారు వెళ్తున్నారు. ఈసారి ఇద్దరి టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకున్నాం. ఐదు కిలోలు అదనంగా ముందే ఆన్‌లైన్‌లో కొన్నాం, కౌంటర్ ధర కంటే తక్కువే పడింది. ఇంటికో కొక్కెం కాంటా కూడా తెచ్చాం. నిన్న సాయంత్రం అమ్మ దాన్ని గాల్లో ఎత్తి పట్టుకుని, సున్నా చూసుకుని, ఊళ్లో పంచడానికి కొన్న బాకర్‌వడి సంచిని తగిలించింది.